స్టేషనరీ షాపు బోర్డు మీద చివర 'ఈ-ఆర్-వై' బదులు 'ఏ-ఆర్-వై' వేసేశారు, రెండూ ఒకటేనంటున్నారు, నిజమేనా?

పుస్తకాల_కొట్టు
గోపాలపట్నంలో స్కూలు ఎదురు సందులో షాపు తెరుస్తున్నాం. జెరాక్స్, లామినేషన్, నోట్‌బుక్స్, పెన్నులు, చార్టులు, పిల్లల ప్రాజెక్టు సామాన్లు. బోర్డు ఆర్డరిచ్చినప్పుడు పేరంతా వాట్సాప్‌లో టైప్ చేసి పంపాను, స్టేషనరీకి చివర ఈ-ఆర్-వై అని. నిన్న సాయంత్రం వచ్చి బిగించి వెళ్లారు. లైట్లు వేసి చూస్తే ఏ-ఆర్-వై అని వెలుగుతోంది. ఫోన్ చేస్తే "మీరు పంపిన స్పెల్లింగే తప్పు సార్, మా డిజైనర్ సరిచేశాడు, ఊళ్లో అందరూ ఇలాగే వేయించుకుంటారు" అని దబాయిస్తున్నారు. మార్చాలంటే విడిగా డబ్బు కట్టాలట. మా బావమరిదేమో రెండూ ఒకటే, ఎలా రాసినా చెల్లుతుంది, ఓపెనింగ్ ముందు గొడవెందుకు అంటాడు. వచ్చే వారమే పూజ. టెన్షన్‌గా ఉంది. ఇంతకీ రెండూ చెల్లుతాయా? చెల్లకపోతే వాళ్లకి ఏం చూపించి ఒప్పించాలి? ఒక్క అక్షరం మార్చడం కుదురుతుందా, బోర్డంతా దించాలా?

మద్దిలపాలెం_మేష్టారు
మీరు పంపిందే కరెక్ట్. పెన్నులు, కాగితాలు, కవర్లు అయితే ఈ-ఆర్-వై. ఏ-ఆర్-వై అంటే కదలకుండా ఉన్నది అని అర్థం. పలకడం ఒకేలా ఉంటుంది కానీ రెండూ వేరు వేరు మాటలు. డబ్బు కట్టాల్సిన అవసరం మీకు లేదు. వివరంగా రాత్రికి రాస్తాను, ఇప్పుడు ట్యూషన్ పిల్లలు వచ్చేశారు.

కొత్తరోడ్_కిరణ్
కొత్తరోడ్డు నుంచి మీ గోపాలపట్నం దాకా బండి మీద వెళ్తూ బోర్డులు చూడండి, 'ఏ' వేసినవే ఎన్నో కనబడతాయి. వాళ్లందరి వ్యాపారం బాగానే నడుస్తోంది. పెన్ను కొనడానికి వచ్చేవాడు డిక్షనరీ పట్టుకుని రాడు బ్రో. ఆ డబ్బుతో లోపల ఇంకో ర్యాకు చేయించుకోండి, పనికొస్తుంది.

సీతమ్మధార_సుధ
కిరణ్ గారూ, చెప్పుల షాపో సెల్ షాపో అయితే మీ మాటకి సరే అనేదాన్ని. ఇది స్కూలు ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపు. ఆ పిల్లలు ఈ మాటని పాఠంలో చూసేది ఒకటి రెండు సార్లు, బోర్డు మీద చూసేది రోజూ. నేను ఐదో క్లాసుకి ఇంగ్లీషు చెప్తాను. డిక్టేషన్‌లో ఈ మాట ఇస్తే ఒక బాబు 'ఏ' పెట్టి రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే మర్నాడు వాళ్ల నాన్న ఫోన్‌లో వీధి చివరి షాపు బోర్డు ఫొటో తీయించుకుని తెచ్చి చూపించాడు, "ఇంత పెద్దగా రాశారు కదా టీచర్, వాళ్లకి తెలీదా" అని. వాడికి తప్పని నమ్మించడానికి నాకు ఆ పీరియడంతా పట్టింది. షాపు వాళ్లు పెద్దవాళ్లు, బోర్డు అంత ఎత్తున ఉంది, వాడు నమ్మడంలో తప్పేముంది? అందుకే చెప్తున్నా, మార్పించండి.

బోర్డుల_బాబ్జీ
నాది ఇదే పని, డాబాగార్డెన్స్ వైపు. బోర్డు ఏ రకం సార్? ఫ్లెక్సీ ఫ్రేమా, ఏసీపీ షీటు (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద యాక్రిలిక్ అక్షరాలా? అది చెప్తే మార్చడం కుదురుతుందో లేదో చెప్తాను.

పుస్తకాల_కొట్టు
నల్ల ఏసీపీ, పసుపు యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ. అన్నీ క్యాపిటల్ లెటర్సే.

బోర్డుల_బాబ్జీ
అయితే కుదురుతుంది. రేపు రాస్తాను, సైట్ మీద ఉన్నాను.

మద్దిలపాలెం_మేష్టారు
మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను, కొంచెం పెద్దదే.

రెండు మాటలకీ మూలం ఒకటే. లాటిన్‌లో స్టేషియో అంటే నిలబడిన చోటు, మకాం. రైల్వే స్టేషన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. మధ్యయుగం యూరప్‌లో సరుకు అమ్మేవాళ్లలో చాలామంది ఊరూరా తిరిగేవాళ్లు. యూనివర్సిటీల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం ఒకే చోట కొట్టు పెట్టుకుని ఉండేవాళ్లు, అందుకని వాళ్లని స్టేషనేరియస్ అన్నారు. బొలోన్యా, పారిస్ యూనివర్సిటీల్లో 13వ శతాబ్దానికి వీళ్ల దగ్గర ఒక ఏర్పాటు ఉండేది. పాఠ్యగ్రంథం అసలు ప్రతిని విడి భాగాలుగా చేసి అద్దెకిచ్చేవాళ్లు. ఒక విద్యార్థి ఒక భాగం తీసుకుపోయి నకలు రాసుకుంటుంటే ఇంకొకడు ఇంకో భాగం రాసుకునేవాడు, తర్వాత మార్చుకునేవాళ్లు. మన యూనివర్సిటీ గేట్ల దగ్గర జెరాక్స్ షాపులు నోట్సు కాపీలు తీసిచ్చినట్టే అనుకోండి.

ఆ మనిషికి ఇంగ్లీషులో స్టేషనర్ అని పేరొచ్చింది, చివర ఈ-ఆర్. లండన్‌లో 1403లో వాళ్లకి ఒక సంఘం ఏర్పడింది, 1557లో రాచరికం తరఫున చార్టర్ (అధికార పత్రం) వచ్చింది. పుస్తకం అచ్చు వేసే హక్కు ఎవరిదన్న లెక్క ఆ సంఘం రిజిస్టర్‌లోనే రాసుకునేవాళ్లు. స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ. బేకర్ నుంచి బేకరీ, గ్రోసర్ నుంచి గ్రోసరీ వచ్చినట్టే. ముందు అమ్మే మనిషి పేరు ఈ-ఆర్‌తో రాయండి, తర్వాత వై తగిలించండి. మధ్యలో 'ఏ' దూరడానికి చోటే లేదు.

మీ బోర్డు వాళ్లకి చూపించాలంటే ఏ మంచి డిక్షనరీ అయినా చాలు. అది కాదంటే కోల్‌కతాలో కేంద్ర ప్రభుత్వం వారి స్టేషనరీ ఆఫీస్ పేరు చూపించండి. బ్రిటన్‌లో 1786లో పెట్టిన స్టేషనరీ ఆఫీస్ పేరు చూపించండి. రెండిట్లోనూ ఈ-ఆర్-వైనే.

ఏయూ_హాస్టలర్
మేష్టారూ, సూపర్. కానీ ఒక డౌట్. లైబ్రరీ, డిస్పెన్సరీ కూడా స్థలాలే కదా, వాటికి ఏ-ఆర్-వై ఎందుకు?

మద్దిలపాలెం_మేష్టారు
లైబ్రరీ నడిపేవాణ్ణి లైబ్రేరియన్ అంటాం, ఈ-ఆర్‌తో అయిపోయే పేరు లేదు. డిస్పెన్సరీ మాత్రం మినహాయింపు, మందులిచ్చే డిస్పెన్సర్ ఉన్నా 'ఏ' వచ్చింది. స్థలమా సరుకా అన్నది లెక్క కాదు, ఆ మాటలో మనిషి ఉన్నాడా అన్నదే చూసుకోవాలి. హోజియరీ షాపులో హోజియర్ ఉన్నాడు, జ్యూయలరీలో జ్యూయలర్ ఉన్నాడు, కట్లరీలో కట్లర్ ఉన్నాడు.

కంచరపాలెం_కుర్రోడు
సిమెటరీకి ఈ-ఆర్-వై ఉంది మేష్టారూ, శ్మశానంలో మనిషెవరు 😄

మద్దిలపాలెం_మేష్టారు
బాగా పట్టావు తమ్ముడూ. అది గ్రీకు నుంచి వచ్చింది, నిద్రపోయే చోటు అని. నేను చెప్పిన సూత్రం ఒకవైపే పనిచేస్తుంది. ఈ-ఆర్ మనిషి ఉంటే సాధారణంగా ఈ-ఆర్-వై వస్తుంది. ఈ-ఆర్-వై ఉన్న ప్రతి చోటా మనిషిని వెతక్కూడదు.

కొత్తరోడ్_కిరణ్
ఒక్క నిమిషం. మేష్టారు చెప్పిన కథ ప్రకారం ఒకే చోట కదలకుండా ఉన్నాడనే కదా ఆ పేరొచ్చింది? అంటే కదలని కొట్టు అని రాస్తే తప్పేంటి, ఈయన షాపు కూడా కదలదుగా. ఇంకో మాట, ప్రీపోన్ (ముందుకు జరపడం) మనవాళ్లు వాడుకలోకి తెచ్చిన మాట, ఇప్పుడు డిక్షనరీల్లో ఉంది. జనం రాసేదే భాష. పదేళ్లు పోతే ఇది కూడా ఎక్కించేస్తారు.

సీతమ్మధార_సుధ
ప్రీపోన్‌ని దీంతో కలపకండి కిరణ్ గారూ. పోస్ట్‌పోన్‌కి సరిగ్గా అదే పోలికలో ఎదురుమాట వాడుకలో లేదు, మనకి కావాల్సి వచ్చింది, పెట్టుకున్నాం, ఎవరి మాటనీ లాక్కోలేదు. ఇక్కడ 'ఏ' రూపానికి ఇప్పటికే ఒక అర్థం ఉంది, పిల్లలు సైన్సులో రోజూ వాడతారు. ఒకే స్పెల్లింగ్ రెండింటికీ వాడేస్తే పరీక్షలో నష్టపోయేది వాళ్లే. మూలం ఒకటైనా రెండు మాటలూ విడిపోయి వందల ఏళ్లయింది.

ఫిజిక్స్_పిచ్చి
సుధ గారు చెప్పింది నా క్లాసులో ఏటా చూస్తాను, కాకపోతే తిరగేసి. ఇంటర్ ఫిజిక్స్ వేవ్స్ చాప్టర్‌లో స్టేషనరీ వేవ్స్ పెద్ద ప్రశ్న, ఇంచుమించు ప్రతి కాలేజీలోనూ బట్టీ పట్టిస్తారు. తెలుగు మీడియంలో స్థిర తరంగాలు అంటాం, వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలు పేపర్ నిండా ఈ-ఆర్-వై వేస్తారు. అంటే పెన్నుల తరంగాలు, కవర్ల తరంగాలు. అడిగితే "సార్, ఈ పెట్టి రాస్తేనే కరెక్టని చిన్నప్పుడు చెప్పారు" అంటారు. ఎవరో ఒకటే సగం చెప్పారు, రెండో సగం చెప్పలేదు.

నేనేం చేస్తానంటే ముందు తీగ చూపిస్తాను. రెండు చివర్లా బిగించిన తీగని మీటితే, ఇటు వెళ్లే అలా అటు నుంచి తిరిగొచ్చే అలా కలిసిపోతాయి. కొన్ని బిందువులు అసలు కదలవు, అవి నోడ్లు. వాటి మధ్యలో తీగ పైకీ కిందకీ ఊగుతుంది కానీ అల ముందుకు సాగినట్టు ఉండదు. నిలబడిపోయింది. స్టాండ్ అన్న మాటలో 'ఏ' ఉంది, హాల్ట్‌లో ఉంది, పార్క్‌లో ఉంది. నిలబడేదానికి 'ఏ' అని బోర్డు మీద రాస్తాను, తీగని కళ్లారా చూశారు కాబట్టి మర్చిపోరు. తర్వాత అదే మాట కెమిస్ట్రీలో బోర్ నమూనాలో స్టేషనరీ స్టేట్స్ అని వస్తుంది, మ్యాథ్స్‌లో డెరివేటివ్ సున్నా అయ్యే చోట స్టేషనరీ పాయింట్స్ అని వస్తుంది, టీవీ సిగ్నళ్లు పంపే జియోస్టేషనరీ ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అన్నీ 'ఏ'. స్పెల్లింగ్‌కి నేను మార్కు కొయ్యను, కానీ గీత గీసి చెప్పకుండా వదలను.

ఏయూ_హాస్టలర్
మా హాస్టల్లో పెన్నుల స్టేషనరీకి ఇంకో గుర్తు చెప్పుకుంటాం. పెన్, పేపర్, లెటర్, ఎన్వలప్, ఎరేజర్, అన్నిట్లో 'ఈ' ఉంది. స్టాండ్, హాల్ట్, పార్క్‌లో 'ఈ' లేనే లేదు. రెండూ కలిపి గుర్తుపెట్టుకుంటే తికమక రాదు.

కంచరపాలెం_కుర్రోడు
పేపర్‌లో 'ఏ' కూడా ఉంది కదా అన్నా

ఏయూ_హాస్టలర్
చివర చూడు తమ్ముడూ, ఈ-ఆర్.

లాసన్స్‌బే_మూర్తి
నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. మా కాలంలో ఈ 'ఏ' మాట మాకు నేర్పింది తుఫాను బులెటిన్లే. వాయుగుండం ముందుకు కదలకపోతే వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్‌లో "ప్రాక్టికల్లీ స్టేషనరీ" అని రాస్తుంది, గడిచిన ఇన్ని గంటలుగా దాదాపు కదలకుండా ఉంది అని. తెలుగు పేపర్లలో స్థిరంగా కొనసాగుతోంది అని వస్తుంది. ఆ మాట వచ్చిందంటే మాకు ఊపిరాడేది కాదు. కదలని తుఫాను సముద్రం మీద ఎంతసేపు ఉంటే ఎటు తిరుగుతుందో, ఎంత బలపడుతుందో అని. టెలిప్రింటర్ కాగితం చేతికి రాగానే ముందు కళ్లు ఆ మాట కోసమే వెతికేవి. పక్కన నిలబడి చదివే కుర్రాళ్లు ఎవరైనా దాన్ని పెన్నుల స్టేషనరీ అనుకున్నారేమో తెలీదు గానీ, నాకు మాత్రం ఆ 'ఏ' చూస్తే బంగాళాఖాతమే గుర్తొస్తుంది. షాపు మీద ఆ మాట వద్దు బాబూ.

కొత్తరోడ్_కిరణ్
మూర్తి గారు చెప్పాక నాకు మాట్లాడ్డానికేం లేదు. కానీ డబ్బు విషయంలో నా మాట అదే. తప్పు వాళ్లది, కాబట్టి వాళ్లే పెట్టుకోవాలి. ఈయన జేబులోంచి పెట్టి మార్పించుకోమంటే మాత్రం నేను ఒప్పుకోను.

సీతమ్మధార_సుధ
అందులో మన ఇద్దరిదీ ఒకటే మాట.

తెలుగులో_బోర్డు
ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ తెలుగు బోర్డు గురించి అడగలేదు. మన రాష్ట్రంలో షాపుల చట్టం నియమాల ప్రకారం పేరు తెలుగులో ఉండాలి, ఇంకో భాష వేస్తే తెలుగు తర్వాతే వేయాలి. పుస్తకాలు, రాత సామగ్రి అని పెద్దగా రాయించండి. తెలుగులో స్టేషనరీ అని రాసినా ఒకటే స్పెల్లింగ్, ఏ గొడవా లేదు. ఆ షాపుకి వచ్చే అవ్వలూ తాతలూ కూడా చదువుకుంటారు.

పుస్తకాల_కొట్టు
తెలుగు పైనే ఉంది సార్, పుస్తకాలు, స్టేషనరీ అని. అది సరిగ్గానే వేశారు. గొడవంతా కింది ఇంగ్లీషు వరసలోనే.

బోర్డుల_బాబ్జీ
ఇప్పుడు కుదిరింది, చెప్తాను. ముందు మా వృత్తిలో ఇది ఎందుకు జరుగుతుందో చెప్పాలి. మేం డిజైన్‌కి వాడే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో పేరు టైప్ చేస్తే తప్పు మాట కింద ఎర్ర గీత వస్తుంది. ఈ మాటకి రాదు, ఎందుకంటే రెండు స్పెల్లింగులూ డిక్షనరీలో ఉన్నవే. పైగా ప్రతి షాపులోనూ పాత ఫైళ్లు ఉంటాయి. కొత్త ఆర్డర్ రాగానే కుర్రాడు పాత స్టేషనరీ షాపు ఫైల్ తెరిచి పేరు మార్చి ఫోన్ నంబర్ మార్చి పంపేస్తాడు. ఒక ఫైల్లో పడ్డ తప్పు అలా ఇరవై బోర్డులకి పాకుతుంది. మీ బోర్డుకీ అదే జరిగి ఉంటుంది, సరిచేశాం అనడం తర్వాత పెట్టిన మాట.

ఇక మార్చడం. మీది విడి అక్షరాల బోర్డు, ఒక్కో అక్షరం ఒక్కో డబ్బా లాంటిది. పైన యాక్రిలిక్ ముఖం, చుట్టూ అంచు, లోపల ఎల్ఈడీ మాడ్యూళ్లు, వెనక ఏసీపీకి ఒక చిల్లు పొడిచి అందులోంచి వైరు పవర్ సప్లైకి వెళ్తుంది. ముందు మెయిన్ ఆపాలి. 'ఏ'ని సిలికాన్ కోసి జాగ్రత్తగా లాగితే వస్తుంది, స్క్రూలు ఉంటే ఇంకా తేలిక. కింద మిగిలే జిగురు మరక నల్ల షీటు మీద బాగా కనబడుతుంది, థిన్నర్ గట్టిగా రుద్దితే షీటు మెరుపు పోతుంది, కాబట్టి మెల్లిగా తుడవాలి. అసలు చిక్కు వెడల్పు. క్యాపిటల్ 'ఏ' కాళ్లు చాపి కూర్చుంటుంది, క్యాపిటల్ 'ఈ' సన్నగా ఉంటుంది. అదే చోట పెడితే 'ఎన్'కీ 'ఆర్'కీ మధ్య ఖాళీ పడి పన్ను ఊడినట్టు కనబడుతుంది. రెండు దారులున్నాయి. 'ఈ'ని కాస్త వెడల్పు చేయించడం, లేకపోతే 'ఆర్', 'వై' రెండూ విప్పి దగ్గరకి జరపడం. జరిపితే పాత చిల్లులు బయటపడతాయి, వాటిని మూయాలి. నేనైతే వెడల్పు చేయిస్తాను. పాత చిల్లు కూడా కొత్త అక్షరం కిందకే వచ్చేస్తుంది.

ఇంకొకటి, ఇప్పుడే చేయించండి. ఎండకి పసుపు యాక్రిలిక్ రంగు దిగుతుంది, ఏడాది తర్వాత కొత్త 'ఈ' పెడితే అదొక్కటే వేరుగా మెరుస్తూ ఉంటుంది.

డబ్బు సంగతి. బిగించే ముందు వాళ్లు మీకు ప్రూఫ్ (చేసే ముందు చూపించే నమూనా) పంపారా? మీరు ఓకే అన్నారా? ఓకే అని ఉంటే మీ మీదకి నెడతారు. ప్రూఫ్ పంపకపోతే మాత్రం మీరు టైప్ చేసి పంపిన మెసేజే లెక్క.

పుస్తకాల_కొట్టు
ప్రూఫ్ పంపలేదు. నా మెసేజ్ తేదీతో సహా అలాగే ఉంది. పైన మేష్టారు చెప్పినవీ మీరు చెప్పిందీ పట్టుకుని రేపు నేరుగా వెళ్తాను.

జీఎస్టీ_గోపి
బోర్డు సంగతి పక్కన పెట్టి ఒకసారి మీ కాగితాలు చూసుకోండి. ట్రేడ్ లైసెన్సులో, కరెంట్ అకౌంట్‌లో, జీఎస్టీ ఉంటే అందులో ట్రేడ్ నేమ్ ఏ స్పెల్లింగ్‌తో పడింది? చెక్కు మీద ఒకటీ అకౌంట్‌లో ఒకటీ ఉంటే బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది. జీఎస్టీలో పేరు మార్చుకుంటే మార్పు జరిగిన 15 రోజుల్లోపు ఫారం రెగ్-14 పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు జీఎస్టీ నంబర్ బోర్డు మీద కనబడేలా పెట్టాలన్న రూల్ కూడా ఉంది, ఎలాగూ బోర్డు ముట్టుకుంటున్నారు కాబట్టి ఆ చోటు కూడా చూసి పెట్టుకోండి.

పుస్తకాల_కొట్టు
కాగితాలన్నిట్లో ఈ-ఆర్-వైనే ఉంది, ఇప్పుడే చూశాను. థాంక్స్, ఆ ఆలోచనే రాలేదు.

గాజువాక_గిరి
నాది బేకరీ. రెండో బ్రాంచ్ పెడుతున్నా, రేపే బోర్డు డిజైన్ వస్తుంది. బేకరీ అండ్ కన్ఫెక్షనరీ అని వేయిస్తున్నాను. ఇదంతా చదివాక భయమేసింది. కన్ఫెక్షనరీకి ఏది?

మద్దిలపాలెం_మేష్టారు
గిరి గారూ, మిఠాయిలు చేసేవాడు కన్ఫెక్షనర్, ఈ-ఆర్. వై తగిలించండి. పెద్ద డిక్షనరీల్లో 'ఏ' రూపం కూడా పాత వాడుకగా కనిపిస్తుంది, ఎవరైనా అది చూపించి వాదిస్తారు. ఇప్పుడు అందరూ సరిగ్గా అనుకునేది ఈ-ఆర్-వై. మీ బోర్డులో బేకరీ పక్కనే ఉంటుంది కాబట్టి రెండిటి తోకా ఒకేలా ఉందో లేదో చూసుకుంటే చాలు.

కంచరపాలెం_కుర్రోడు
మా వీధిలో బేకరీకి ఈ-ఆర్-వై, పక్కనే కన్ఫెక్షనరీకి ఏ-ఆర్-వై ఉంది. ఒకే బోర్డు, ఒకే వరస. ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉంది, ఇవాళ కనబడింది.

ఫిజిక్స్_పిచ్చి
అది ఫొటో తీసి పెట్టు తమ్ముడూ, షాపు పేరు కనబడకుండా. క్లాసులో చూపిస్తాను.

పుస్తకాల_కొట్టు
అప్‌డేట్. వెళ్లి వచ్చాను. కౌంటర్ దగ్గర అబ్బాయి మొదట ఒప్పుకోలేదు, మళ్లీ అదే మాట, అందరూ ఇలాగే వేయించుకుంటారని. ఓనర్‌ని పిలవమన్నాను. ఆయనకి నా మెసేజ్ చూపించాను, బేకర్-బేకరీ సంగతి కాగితం మీద రాసి చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి, కంప్యూటర్‌లో పాత ఫైల్ తెరిపించాడు. బాబ్జీ గారు చెప్పినట్టే, ఎప్పటిదో ఇంకో షాపు ఫైల్లో పేరు మార్చి చేశారు. తప్పు మాదే, శుక్రవారం మనిషిని పంపి మార్పిస్తాం, డబ్బు అక్కర్లేదు అన్నాడు. వెడల్పు 'ఈ' కావాలని అడిగితే కోతకి పంపే ముందు కొలత వేసి చూపిస్తానన్నాడు. ఆ పాత ఫైల్ కూడా సరిచేయించండి, లేకపోతే తర్వాతి షాపుకి కూడా ఇదే వెళ్తుంది అన్నాను. నా ముందే చేయించాడు.

సీతమ్మధార_సుధ
ఆ చివరి పని అన్నిటికన్నా మంచి పని. ఒక్క బోర్డు మారితే ఒక్క వీధికే. ఫైల్ మారితే ఇకమీదట ఎన్ని షాపులకో.

కొత్తరోడ్_కిరణ్
డబ్బు కట్టలేదు కదా, అదీ లెక్క. ఓపెనింగ్‌కి వస్తాను, మా పాపకి లాంగ్ నోట్‌బుక్స్ కావాలి.

జీఎస్టీ_గోపి
బిల్లు బుక్ కూడా ప్రింట్ చేయిస్తున్నారా? దాని మీద ఏం వేస్తున్నారో చూసుకోండి. చాలామంది బుక్స్ అండ్ స్టేషనరీస్ అని ఎస్ తగిలిస్తారు, నా దగ్గరికి అలాంటి బిల్లులు కట్టలు కట్టలు వస్తాయి. అది ఉండొచ్చా మేష్టారూ?

మద్దిలపాలెం_మేష్టారు
ఉండకూడదు. ఫర్నిచర్‌కి ఎస్ పెట్టం, లగేజీకి పెట్టం, దీనికీ అంతే. లెక్కపెట్టే వస్తువు కాదది, మొత్తం సరుకుకి ఒకే పేరు. ఎన్ని రకాలున్నా స్టేషనరీనే. విడిగా చెప్పాలంటే స్టేషనరీ ఐటమ్స్ అనండి, ఎస్ ఐటమ్ మీద కూర్చుంటుంది. ఆఫీసుల్లో ఇండెంట్ రాసేవాళ్లు కూడా ఇది గమనించాలి, "వివిధ స్టేషనరీస్" అని రాసి పంపుతుంటారు.

పుస్తకాల_కొట్టు
బిల్లు బుక్ ఇంకా ప్రెస్‌కి ఇవ్వలేదు, మంచి టైంలో చెప్పారు. ఎస్ తీసేస్తున్నా.

గాజువాక_గిరి
నా బోర్డు ప్రూఫ్ ఇప్పుడే వచ్చింది. బేకరీ సరిగ్గా ఉంది, కన్ఫెక్షనరీకి 'ఏ' వేశారు. అందులోనే కూల్ డ్రింక్స్ దగ్గర కూడా ఏదో తేడాగా ఉంది. బాబ్జీ గారూ, మీకు పంపితే ఒకసారి చూస్తారా?

బోర్డుల_బాబ్జీ
పంపండి సార్, కోతకి వెళ్లేలోపు చూస్తాను. వాళ్లకి ఓకే అని మాత్రం ఇప్పుడే మెసేజ్ పెట్టకండి.